లిఫ్ట్ చేసిన జీప్: స్టీరింగ్ తిరిగి రాకపోతే, వెనక వణుకు పుడితే

మా కడప వైపు పాత మహీంద్రా ఎమ్‌ఎమ్ 540 జీపులు, మారుతి జిప్సీలు ఇంకా బాగానే తిరుగుతున్నాయి. గండికోట చుట్టుపక్కల రాళ్ల దారులకు, పెన్న ఇసుకకు పనికొస్తుందని చాలామంది కమాన్ కట్టలు మార్చి బండిని మూడు నాలుగు అంగుళాలు లేపుతారు. లేపడం ఒక రోజు పని. ఆ తర్వాత వచ్చే ఇబ్బందులకే నెలల తరబడి పార్టులు మారుస్తూ కూర్చుంటారు. నేను రెండు నెలల్లో రెండు క్రాస్‌లు (ఇంజిన్ శక్తిని చక్రాలకు తీసుకెళ్లే షాఫ్ట్ కొసల్లో వంగుతూ తిరిగే కీళ్లు) మార్చాను. తప్పు క్రాస్‌లో లేదు, కోణంలో ఉంది.

ముందు కొలవండి

మ్యాగ్నెట్ ఉన్న డిజిటల్ యాంగిల్ గేజ్ ఒకటి కొనుక్కోండి. బండిని చదునైన నేల మీద పెట్టాలి. మాకు కడప బండలు పరిచిన వాకిళ్లకు కొదవ లేదు గానీ, అవి నీళ్లు పోవడానికి వాటం పెట్టి పరిచినవి. అందుకే ముందు నేల మీదే గేజ్ పెట్టి సున్నా చేసుకోండి. నాలుగు టైర్లలో గాలి సరిచూసి, బండిని రెండు సార్లు కిందికి నొక్కి వదిలి, బరువు చక్రాల మీదే ఉండగా కొలవండి. జాకీ మీద తీసిన కొలత పనికిరాదు.

స్టీరింగ్ వదిలితే తిరిగి రాదు, హైవేలో బండి పక్కలకు పోతుంది

లిఫ్ట్ చేసిన వారానికి గువ్వలచెరువు ఘాట్ దిగుతున్నాను. మలుపు తిరిగాక స్టీరింగ్ చేతిలో వదులు చేస్తే దానంతట అది నేరుగా రావాలి కదా, రాలేదు. నేనే తిప్పుకోవాల్సి వచ్చింది. ఎదురుగా లారీ. ఆ రోజు పట్టిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

కారణం కాస్టర్ తగ్గిపోవడం. ముందు చక్రం తిరిగే కింగ్‌పిన్ పైభాగం కొంచెం వెనక్కి వాలి ఉండాలి. ఆ వాలే చక్రాన్ని నేరుగా లాగుతుంది. పాత జీపుల్లో కంపెనీ లెక్క సుమారు 3 డిగ్రీలు. లేపి, పెద్ద టైర్లు వేసిన బండికి 4 నుంచి 5 మంచిది. పవర్ స్టీరింగ్ ఉంటే 6 దాకా పోవచ్చు, లేకపోతే చేతులు నొప్పులు పుడతాయి. కింగ్‌పిన్ మీద నాలుగు బోల్టుల మూత ఉంటుంది. మట్టి, గ్రీజు తుడిచి, గేజ్‌ను ముందు వెనకలుగా దాని మీద పెట్టండి. ముందు అంచు పైకి ఉంటే కాస్టర్ పాజిటివ్. నా బండిలో అరడిగ్రీ చూపించింది.

ఎక్కడ పోయింది? ముందు షాకిళ్లలో (కట్ట కొసను ఛాసిస్‌కు కలిపే లంకెలు). ఈ జీపులకు ముందు కట్ట షాకిల్ ముందు కొసన ఉంటుంది. లిఫ్ట్ చేసిన షాపులో ఎత్తు కోసం షాకిల్‌ను 2 అంగుళాలు పొడుగు చేశారు. దాంతో కట్ట ముందు కొస కిందికి దిగి, హౌసింగ్ (రెండు చక్రాల మధ్య ఉండే ఇరుసు గొట్టం) పైభాగం ముందుకు వాలింది. కట్ట పొడవు 36 అంగుళాలు అనుకుంటే దాదాపు 3 డిగ్రీలు అక్కడే పోతాయి. వెనక మాత్రమే ఎక్కువ లేపినా ఇదే జరుగుతుంది: చక్రాల మధ్య 2.3 మీటర్లున్న జీప్‌లో వెనక 40 మిల్లీమీటర్లు ఎక్కువ లేస్తే ముందు 1 డిగ్రీ పోతుంది.

పరిష్కారం: పాత కొలత షాకిళ్లు మళ్లీ వేయించాను, 3 డిగ్రీలకు వచ్చింది. కట్టకూ హౌసింగ్ ప్యాడ్‌కూ మధ్య 2 డిగ్రీల వెడ్జ్ ప్లేటు (ఒక అంచు లావుగా, ఒక అంచు సన్నగా ఉండే పలక) పెడితే 5 అయింది. వెడ్జ్ ఏ వైపు పెట్టాలో ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. కట్ట హౌసింగ్ కింద ఉంటే లావు అంచు ముందుకు, కట్ట హౌసింగ్ పైన ఉంటే లావు అంచు వెనక్కి. ఇనుప వెడ్జే తీసుకోండి, అల్యూమినియంవి నలిగి పగులుతాయి. సెంటర్ బోల్ట్ పొడుగుది వేసి, దాని తల ప్యాడ్ రంధ్రంలో కూర్చుందో లేదో చూడండి. కట్టను హౌసింగ్‌కు బిగించే యూ బోల్టులు కొత్తవే వాడండి. 4 డిగ్రీలకు మించిన వెడ్జ్ కావాల్సి వస్తే వాటి మీద ఆధారపడకుండా ప్యాడ్‌లు కోసి మళ్లీ వెల్డింగ్ చేయించడమే మేలు.

ఒక జాగ్రత్త. గుంతలో పడగానే చక్రాలు పిచ్చిగా గిలగిల కొట్టుకుంటే కాస్టర్ కంటే ముందు టై రాడ్ ఎండ్లు, కింగ్‌పిన్ బేరింగ్‌లు, స్టీరింగ్ బాక్స్ లూజు చూడండి. లూజు వదిలేసి కాస్టర్ పెంచితే జబ్బు ఇంకా ముదురుతుంది.

యాక్సిలరేటర్ తొక్కగానే వెనక గడగడ, క్రాస్‌లు త్వరగా పోవడం

పోయిన క్రాస్‌ను విప్పి చూశాను. కప్పు అంచు చుట్టూ కుంకుమ చల్లినట్టు ఎర్రటి తుప్పు పొడి, లోపల సూదుల్లాంటి రోలర్లు పిన్ మీద గాడులు పెట్టాయి. గ్రీజు వేయడం నేను ఎప్పుడూ మానలేదు. కోణం తప్పితే గ్రీజు కాపాడలేదు.

క్రాస్ వంపులో తిరిగేటప్పుడు ప్రతి చుట్టుకూ రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. రెండో కొసన ఉన్న క్రాస్ కూడా అంతే వంపులో ఉంటే ఆ హెచ్చుతగ్గులు చెల్లిపోతాయి. అందుకే ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ శక్తిని ముందు, వెనక షాఫ్ట్‌లకు పంచే పెట్టె) అవుట్‌పుట్, పినియన్ (షాఫ్ట్ రెండో కొస బిగుసుకునే హౌసింగ్ ముక్కు) సమాంతరంగా ఉండాలి. పినియన్ ముక్కు షాఫ్ట్ వైపు సూటిగా చూడాలని షాపుల్లో గట్టిగా చెప్తారు. ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గర డబుల్ క్రాస్ ఉన్న షాఫ్ట్‌కే ఆ మాట వర్తిస్తుంది. మామూలు షాఫ్ట్‌కు వర్తించదు.

నా బండి లెక్క: అవుట్‌పుట్ వెనక్కి 4 డిగ్రీలు దిగి ఉంది, షాఫ్ట్ వాలు 14. షాపులో వెనక 6 డిగ్రీల వెడ్జ్ పెట్టి పినియన్‌ను 9 డిగ్రీలకు లేపారు. అంటే ముందు క్రాస్‌లో వంపు 10 (14లోంచి 4 పోను), వెనక 5 (14లోంచి 9 పోను). ఆ వెడ్జ్ తీసేస్తే పినియన్ 3కి వచ్చింది, వెనక వంపు 11. పినియన్‌ను అవుట్‌పుట్ 4 కంటే ఒక డిగ్రీ తక్కువ ఉంచడం కావాలనే: తొక్కినప్పుడు కట్ట మెలిపడి పినియన్ ముక్కు లేస్తుంది, అప్పుడు రెండూ సమానమవుతాయి. గడగడ పోయింది. 80 దాటితే సన్నటి వణుకు ఉంటుంది, ఎందుకంటే 10 డిగ్రీల వంపే ఎక్కువ. దాన్ని కూడా తగ్గించాలంటే ట్రాన్స్‌ఫర్ కేస్‌ను స్పేసర్లతో ఒక అంగుళం దించాలి. రాళ్లలో నడిపేవాళ్లకు ఆ క్లియరెన్స్ వదులుకోవడం నాకిష్టం లేదు.

తొక్కినా వదిలినా ఒకే స్పీడులో వణికితే కోణం కాదు, షాఫ్ట్ బ్యాలెన్స్ లేదా యోక్‌లు (క్రాస్‌ను పట్టుకునే కొమ్ములు) ఒకే వరుసలో లేకపోవడం. షాఫ్ట్ విప్పే ముందు పెయింట్‌తో గీత పెట్టుకోండి.

4x4లో వేసినప్పుడే ముందు నుంచి శబ్దం

ముందు హౌసింగ్‌ను కాస్టర్ కోసం తిప్పితే పినియన్ ముక్కు కిందికి దిగుతుంది, షాఫ్ట్ వంపు పెరుగుతుంది. రెండూ ఒకేసారి కుదరవు. నేనైతే కాస్టర్‌కే ఓటు వేస్తాను. ఫ్రీ వీల్ హబ్‌లు (ముందు చక్రాలను ఇరుసు నుంచి విడదీసేవి) ఉంటే రోడ్డు మీద ముందు షాఫ్ట్ తిరగదు, ఇసుకలో ఉండే స్పీడుకు ఆ వంపు ఇబ్బంది పెట్టదు. హబ్‌లు లేకపోతే నకిల్ కొసలు (కింగ్‌పిన్‌లు కూర్చునే హౌసింగ్ చివరలు) కోసి తిప్పి వెల్డింగ్ చేయించాలి. అది బాగా చేయి తిరిగినవాళ్ల పని.

పినియన్ బాగా పైకి లేచిన బండిలో ముందు బేరింగ్‌కు ఆయిల్ అందదు, మామూలు మట్టం కంటే కొంచెం ఎక్కువ పోయండి. 100 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించండి. కొత్త కట్టలు నెలలో కొంచెం కూర్చుంటాయి కాబట్టి, అప్పుడు మళ్లీ గేజ్ పెట్టి అన్ని కోణాలూ కొలవండి.