గోల్ఫ్ స్వింగ్‌లో తిరగాల్సింది నడుము కాదు, తుంటి

"నడుము తిప్పు" అనగానే చాలామంది పొట్ట దగ్గర మెలి తిరుగుతారు. దాంతో భుజాలూ వెంటే వచ్చేస్తాయి. క్లబ్ (బంతిని కొట్టే కర్ర) బయటి నుంచి అడ్డంగా దిగి, బంతి కుడివైపు వంపు తిరిగి పోతుంది. తిరగాల్సింది తుంటి. అదీ పాదాల కింద బరువు మారడం మొదలయ్యాకే. (ఇక్కడి కుడి ఎడమలు కుడిచేతి వాటం వారికి. ఎడమచేతి వాటం వారు తిరగేసి చదువుకోవాలి.)

7 ఐరన్ (మధ్యస్థ దూరానికి వాడే క్లబ్) తీసుకోండి. మడమల మధ్య భుజాలంత ఎడం ఉంచి, ఎడమ పాదం వేళ్లను 20 నుంచి 30 డిగ్రీలు లక్ష్యం వైపు తెరవండి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పాదం తిన్నగా ఉంటే ఎడమ తుంటి సగంలోనే ఆగిపోతుంది, మెలి అంతా మోకాలి మీద పడుతుంది.

క్లబ్ వెనక్కి తీసుకెళ్లేటప్పుడు బరువు కుడి మడమ లోపలి అంచు మీద తెలియాలి. పాదం బయటి అంచు మీదికి పోయిందంటే మీరు తిరగలేదు, పక్కకు ఊగారు. కుడి పాదం బయటి అంచు కింద మడిచిన తువ్వాలు పెట్టి ఆడితే ఈ ఊగడం తగ్గుతుంది. తుంటి బిగుసుకుపోయినవారు ఎడమ మడమను కాస్త లేవనివ్వవచ్చు. అమెరికా గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ అలాగే ఆడేవాడు.

అసలు చిక్కు పైనుంచి కిందికి వచ్చేటప్పుడే. క్లబ్ ఇంకా పైకి పోతుండగానే బరువు ఎడమ పాదానికి మళ్లడం మొదలవ్వాలి. చేతులు దిగాక మళ్లితే ఆలస్యమైనట్టే. ఈ వరస ఒంటికి పట్టాలంటే అడుగు వేసి కొట్టే సాధనను మించింది లేదు. రెండు పాదాలూ దగ్గరగా పెట్టి స్వింగ్ మొదలుపెట్టండి. చేతులు భుజాల ఎత్తుకు చేరుతుండగా ఎడమ పాదాన్ని లక్ష్యం వైపు మామూలుగా నిలబడే ఎడం మేరకు వేసి, ఆ అడుగు నేలను తాకాకే కొట్టండి. బంతి లేకుండా 10 సార్లు, తర్వాత టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) మీద బంతి పెట్టి సగం వేగంతో మరో 10 సార్లు. ఎంత దూరం పోయిందో చూడొద్దు.

ఇంకో తప్పు, తుంటి బంతి వైపు ముందుకు తోసుకురావడం. చేతులకు దారి లేక ఒళ్లు నిటారుగా పైకి లేస్తుంది, బంతి క్లబ్ మడమకు (క్లబ్ తలలో కర్రకు దగ్గరి అంచుకు) తగులుతుంది. దీనికి వెనక ఒక కుర్చీ వేసుకుని, పిరుదులు దాని వీపుకు ఆనీ ఆననట్టు నిలబడండి. వెనక్కి తిరిగేటప్పుడు కుడి పిరుదు, కిందికి వచ్చేటప్పుడు ఎడమ పిరుదు కుర్చీని తాకాలి. బంతి లేకుండా నెమ్మదిగా చేయండి. ఇంట్లో వట్టికాళ్లతో చేస్తే పాదాల కింద బరువు ఎటు పోతోందో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

ముగింపులో కుడి పాదం వేళ్ల మీదే ఉండాలి, బరువు ఎడమ మడమ మీద ఉండాలి. అలాగే 3 సెకన్లు కదలకుండా నిలబడండి. వెనక్కి తూలితే బరువు ఇంకా కుడి కాలి మీదే ఉందన్నమాట. మళ్లీ అడుగు సాధనకే వెళ్లండి.