తక్కువ ఖర్చులో నమ్మకమైన వర్చువల్ అసిస్టెంట్‌ను కుదుర్చుకోవడం ఎలా? ఒడిశా సరిహద్దు ఊళ్ల చిన్న వ్యాపారులకు

బరంపురంలో పట్టుచీరలు అమ్మేవారికైనా, పర్లాకిమిడిలో కొమ్ముబొమ్మలు అమ్మేవారికైనా ఇప్పుడు బేరం చాలావరకు ఫోనులోనే నడుస్తోంది. జయపురం నుంచి ఒకరు తెలుగులో వాయిస్ మెసేజ్ పెడతారు. రాయగడ నుంచి ఇంకొకరు ఒడియాలో రాసిన చిరునామాను ఫొటో తీసి పంపుతారు. ఇచ్ఛాపురం నుంచి మరొకరు డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్ పెట్టి, పార్సెల్ ఎప్పుడు వస్తుందని అడుగుతారు. కొట్లో ఉన్న ఒక్క మనిషి ఎదుటివారితో మాట్లాడుతూ ఇవన్నీ చూసుకోవడం కష్టం. ఇంటి నుంచే ఈ పనులు చక్కబెట్టే వర్చువల్ అసిస్టెంట్ ఉంటే ఆ భారం బాగా తగ్గుతుంది. మన సరిహద్దు జిల్లాల్లో ఆ మనిషిని ఎంచుకునేటప్పుడు ముందు చూడవలసింది భాష. ధర సంగతి తర్వాత.

1. అప్పగించే పనులు రాసుకోండి

ఒక వారం పాటు ఫోను మీద చేసిన ప్రతి పనినీ కాగితం మీద రాయండి. ధర అడిగినవారికి జవాబు, ఆర్డరు నమోదు, కొరియర్ నంబరు పంపడం, బాకీ గుర్తు చేయడం, ఫొటోలు పెట్టడం, ఇలా. వారం చివర ఆ కాగితం చూస్తే ఏవి ఇతరులు చేయగలరో, ఏవి మీరే చేయాలో తేలిపోతుంది. ధర తగ్గించడం, అరువు ఇవ్వడం, డబ్బు వాపసు చేయడం మీ దగ్గరే ఉంచుకోండి. మిగిలిన పని రోజుకు రెండు గంటలకు మించకపోతే పూర్తి జీతం మనిషి అక్కర్లేదు.

2. ఏ భాష ఎంత రావాలో తేల్చుకోండి

మన వైపు ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామంది ఒడియా మాధ్యమంలో చదివారు. వారు తెలుగు ధారాళంగా మాట్లాడతారు, చదవడం రాయడం రాకపోవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం వైపు చదువుకున్నవారికి తెలుగు రాత బాగుంటుంది, ఒడియా చిరునామా దగ్గర మాత్రం ఆగిపోతారు. ఇది ఎవరి లోపమూ కాదు. మీ కొనుగోలుదారులు ఎక్కువగా వాయిస్ మెసేజ్‌లు పంపుతారా, రాసి పంపుతారా అన్నది చూసి మనిషిని ఎంచుకోండి. ‘తెలుగు వచ్చు’ అన్న మాటతో సరిపెట్టుకోకుండా వినడం, చదవడం, రాయడం మూడూ విడివిడిగా అడగండి.

3. దగ్గర్లో వెతకండి

ముందు మీకు తెలిసినవారి ద్వారా అడగండి. బరంపురం విశ్వవిద్యాలయం, గుణుపురంలోని జీఐఈటీ విశ్వవిద్యాలయం, పర్లాకిమిడి దగ్గరి సెంచూరియన్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల చదువు ముగించి ఇంటి పట్టున ఉన్నవారు, పెళ్లయ్యాక బయటి ఉద్యోగం మానేసిన కామర్స్ పట్టభద్రులు ఈ పనికి చక్కగా సరిపోతారు. ఆ తర్వాత ఇంటర్న్‌శాల, లింక్డ్‌ఇన్ వంటి ఉద్యోగాల వెబ్‌సైట్లు చూడవచ్చు. బయటివారితో పని చేయించుకునే అప్‌వర్క్ అనే వెబ్‌సైట్‌లో మొత్తం పనికి ఒకే ధర మాట్లాడుకుంటే డబ్బు ముందే జమ అయి, పనిని మీరు ఒప్పుకున్నాక అవతలివారికి చేరుతుంది. ఆ భద్రత మంచిదే. కానీ రుసుము పడుతుంది, లెక్క డాలర్లలో ఉంటుంది. ఊళ్లోనే మనిషి దొరుకుతుంటే చిన్న కొట్టుకు అంత అవసరం లేదని నా అభిప్రాయం.

4. డబ్బిచ్చి పరీక్ష పెట్టండి

మొత్తం ఎంపికలో దీని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. పాత ఆర్డర్లు పది తీసుకుని, పేర్లు, ఫోను నంబర్లు మార్చి ఇవ్వండి. అన్నీ ఒకే పట్టికలోకి ఎక్కించమనండి. వాటిలో రెండు తెలుగు వాయిస్ మెసేజ్‌లు, రెండు ఒడియా చిరునామాలు ఉండాలి. ఒకదానిలో పిన్ కోడ్ తీసేయండి. ఒకదానిలో స్క్రీన్‌షాట్ మీది మొత్తం ఆర్డరు ధరతో కలవకూడదు. మరొకదానిలో ఊరు శ్రీకాకుళం జిల్లాది, పిన్ కోడ్ 76తో మొదలయ్యేది పెట్టండి. శ్రీకాకుళం వైపు పిన్‌లు 532తో మొదలవుతాయి, బరంపురం వైపువి 760తో. తప్పు గమనించి ‘ఇది సరిగా లేదండీ, ఒకసారి చూస్తారా?’ అని అడిగినవారిని వదులుకోకండి. ఖాళీని తమకు తోచినట్టు నింపేసినవారి పార్సెల్ రేపు వేరే జిల్లాకు పోతుంది.

బిల్లులు కూడా అప్పగిస్తే ఏ అమ్మకానికి ఏ జీఎస్టీ వేయాలో కూడా అడగండి. ఒడిశా జీఎస్టీ నంబరు 21తో, ఆంధ్రప్రదేశ్‌ది 37తో మొదలవుతాయి. మన కొట్టు ఒడిశాలో ఉండి, సరుకు ఒడిశాలోనే అమ్మితే సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్జీఎస్టీ (రాష్ట్రం వాటా) వేయాలి. ఆంధ్రకు పంపితే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసేది). సరిహద్దు వ్యాపారంలో ఈ తేడా ప్రతిరోజూ ఎదురయ్యేదే.

పరీక్షకు పట్టిన సమయానికి తప్పకుండా డబ్బివ్వండి. ఉచితంగా చేయించుకోవడం న్యాయం కాదు.

5. గంట ధర చూసి మోసపోకండి

ఒకరు గంటకు 120 రూపాయలు అడిగి, 40 ఆర్డర్లకు మూడు గంటలు తీసుకున్నారనుకోండి. ఖర్చు 360 రూపాయలు. ఇంకొకరు 200 అడిగి గంటన్నరలో ముగిస్తే 300 రూపాయలే. అందుకే పరీక్షలో సమయం కూడా రాసుకోండి. పని వేళలు, నెల మొత్తం, డబ్బిచ్చే తేదీ, మానుకోవాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలన్నది ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. పండుగల సెలవులు కూడా అప్పుడే మాట్లాడుకోండి. అనుకున్న తేదీకి డబ్బు వేసే యజమానిని మంచి పనివారు వదిలిపెట్టరు.

6. కావలసినంత మేరకే అందుబాటు ఇవ్వండి

వాట్సాప్‌ను మరొక పరికరానికి కలిపితే మీ చాట్‌లు అక్కడ కూడా కనిపిస్తాయి. అందుకని ముందు వ్యాపారానికి వేరే నంబరు పెట్టుకోండి. వాట్సాప్ పంపే ఆరు అంకెల ధ్రువీకరణ కోడ్ ఎవరికీ చెప్పవద్దు. జీమెయిల్‌లో పాస్‌వర్డ్ ఇవ్వకుండానే మరొకరికి ఉత్తరాలు చూసే, జవాబిచ్చే అనుమతి ఇవ్వవచ్చు. గూగుల్ డ్రైవ్‌లో ఫోల్డర్ మొత్తం కాకుండా ఆర్డర్ల పట్టిక ఒక్కటే పంచుకోండి. యూపీఐ పిన్, బ్యాంకు ఓటీపీ మాత్రం ఎంత నమ్మకస్తులకైనా ఇవ్వకూడదు.

స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపవద్దని మొదటి రోజే చెప్పండి. ఆర్డర్ల పట్టికలో ‘అందింది’ అనే గడి ఒకటి పెట్టండి. బ్యాంకు ఖాతాలో డబ్బు పడిందని చూసుకుని ఆ గడి మీరే నింపండి. అది నిండాకే అసిస్టెంట్ కొరియర్‌కు చెప్పాలి.

7. మొదటి నెల

మొదటి వారం రోజూ సాయంత్రం పది నిమిషాలు ఫోనులో మాట్లాడండి. తప్పు దొరికితే అందరూ చూసే గ్రూపులో కాకుండా విడిగా చెప్పండి. ధరలు, తరచూ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఒకచోట రాయించి పెట్టుకుంటే, రేపు మనిషి మారినా పని ఆగదు. మానేసిన రోజునే వాట్సాప్‌లో కలిపిన పరికరాన్ని తొలగించి, పట్టిక, జీమెయిల్ అనుమతులు తీసేసి, చివరి రోజు వరకూ లెక్కగట్టి డబ్బు ఇచ్చేయండి.