పరుపు ఎన్ని ఇంచులు తీసుకోవాలి?

పరుపు కొనడానికెళ్తే షాపువాళ్లు ముందు ఇంచులే చెప్తారు, 10 ఇంచులంటే ఏదో గొప్ప అన్నట్టు, కానీ మందం ఒక్కటే చూసి కొంటే తర్వాత నడుం పట్టేస్తుందండి. ముందు మీ మంచం కొలవండి. నేల నుంచి చెక్క దాకా ఎంతుందో చూస్కొని దానికి పరుపు మందం కలిపితే 20-22 ఇంచులు వస్తే చాలామందికి సరిపోద్ది, అంచు మీద కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, 14 ఇంచుల మంచం మీద 10 ఇంచుల పరుపు వేశాం, పాపం రాత్రి బాత్రూంకి లేవాలంటే అంచు పట్టుకుని జారుకుంటూ దిగేది, 6 ఇంచులది వేశాక హాయిగా లేస్తోంది.

పిల్లలకి 4-5 చాలు, మామూలు పెద్దవాళ్లకి 6, బాగా బరువున్నోళ్లు, పక్కకి తిరిగి పడుకునేవాళ్లు 8 చూడండి, ఎందుకంటే పక్కకి తిరిగితే బరువంతా భుజం మీద, తుంటి మీద పడుద్ది, పల్చటిదైతే కింద చెక్క తగుల్తుంది.

లోపల ఏముందో మాత్రం తప్పకుండా అడగండి! కొబ్బరి పీచుది 5 ఇంచులే అయినా గట్టిగా నిలబడుద్ది, అదే తక్కువ డెన్సిటీ ఫోమ్ (సైజుకి తగ్గ బరువు లేని తేలిక స్పాంజ్) 8 ఇంచులున్నా మధ్యలో తొందరగా గుంట పడుద్ది. షాపులోనే చెప్పులు విప్పేసి ఓ 10 నిమిషాలు వెల్లకిలా పడుకోండి, మొహమాటం వద్దు, నడుం కింద చెయ్యి పెట్టండి, అటూ ఇటూ ఈజీగా ఆడితే మీకది మరీ గట్టిది, అసలు దూరకపోతే మరీ మెత్తన. ఇంట్లో ఎలాస్టిక్ బెడ్‌షీట్లుంటే కొత్త మందానికి పడతాయో లేదో కూడా చూస్కోండి.