పిల్లి ప్రసవం: ఎప్పుడు వేచి చూడాలి, ఎప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి

పిల్లి సాధారణంగా ఎవరి సాయమూ లేకుండానే, అటక మీదో మంచం కిందో అర్ధరాత్రి పిల్లలను పెట్టేస్తుంది. ఆ ధీమాతోనే చాలామంది ముందస్తు ఏర్పాట్లు చేసుకోరు. ప్రసవం అడ్డం తిరిగినప్పుడు మాత్రం నష్టం నిమిషాల్లో జరిగిపోతుంది. చప్పిడి ముఖం గల పర్షియన్ పిల్లుల విషయంలోనూ, బాగా లావెక్కిన వాటి విషయంలోనూ, ఎప్పుడైనా బాల్కనీ నుంచి పడిగానీ బండి తగిలిగానీ కటి ఎముక విరిగిన వాటి విషయంలోనూ ప్రమాదం ఎక్కువ. ఎముక అతుక్కుని పిల్లి మామూలుగా నడుస్తున్నా లోపలి దారి ఇరుకుగానే మిగిలిపోవచ్చు గనుక, ఇటువంటి పిల్లికి చూలు చివరి వారంలో ఎక్స్‌రే తీయించి, లోపల ఎన్ని పిల్లలున్నాయో తెలుసుకోవడం మంచిది. ఆ లెక్క తెలియకపోతే ప్రసవం పూర్తయిందో, ఇంకా ఒకటి మిగిలిందో చెప్పడం కష్టం.

జతకట్టిన తేదీని రాసిపెట్టుకోవాలి. చూలు సగటున 63 నుంచి 65 రోజులు ఉంటుంది; 70 రోజులు దాటితే నొప్పుల కోసం ఎదురుచూడకుండా వైద్యునికి చూపించాలి. కొన్ని మూగజీవాల ఆసుపత్రుల్లో మాత్రమే పిల్లికి సిజేరియన్ చేస్తారు గనుక, రాత్రివేళ ఎవరు చేస్తారో ముందే ఫోనులో కనుక్కోవాలి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలలకు దగ్గరలో ఉన్నవారు అక్కడి ఆసుపత్రి వేళలు కూడా తెలుసుకుని ఉంచుకోవచ్చు.

మొదటి దశలో పిల్లి కుదురుగా ఉండదు. గూడు వెతుకుతుంది, అన్నం మానేస్తుంది, రొప్పుతుంది, కొన్నిసార్లు గురగురలాడుతుంది. ఇది సాధారణంగా 12 గంటల లోపు ముగిసినా, తొలిచూలు పిల్లికి ఒక రోజు పట్టవచ్చు. గట్టిగా ముక్కడం మొదలయ్యాక మాత్రం గడియారం చూస్తూ ఉండాలి. ఒక పిల్లకూ మరో పిల్లకూ మధ్య పది నిమిషాల నుంచి గంట వరకు విరామం మామూలే. కొన్ని పిల్లులు సగం పిల్లలను పెట్టి, ప్రశాంతంగా పాలిస్తూ, తింటూ, ఒక రోజు తరువాత మిగిలిన వాటిని పెడతాయి. తల్లి ముక్కకుండా హుషారుగా ఉన్నంతవరకు దీనికి భయపడనక్కరలేదు గానీ, వైద్యునికి ఫోను చేసి చెప్పడం మేలు.

గట్టిగా ముక్కుతున్నా అరగంటలో పిల్ల రాకపోవడం, పిల్ల కొంతభాగం బయటికి కనబడి పది నిమిషాలైనా కదలకపోవడం, ఎర్రని రక్తం ఆగకుండా కారడం, దుర్వాసనతో స్రావం రావడం, తల్లి నీరసించి పడిపోవడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే బయలుదేరాలి. వెనుక కాళ్లు ముందు రావడం పిల్లుల్లో సర్వసాధారణం, దానికి కంగారు వద్దు. కాళ్లు ముడుచుకుపోయి తోక, పిరుదులు మాత్రమే కనిపిస్తే అది కష్టమైన ప్రసవమే.

ఆసుపత్రి దూరమై, పిల్ల సగం బయటికి వచ్చి ఇరుక్కుపోయిన సందర్భంలో మాత్రమే చేయి వేయాలి. చేతులు సబ్బుతో కడుక్కుని, శుభ్రమైన మెత్తని గుడ్డతో పిల్ల ఒంటిని పట్టుకుని, తల్లి ముక్కినప్పుడే, తల్లి మడమల వైపు కిందికి వంచుతూ సుతారంగా లాగాలి. ఒక్క కాలో, తోకో, తలో పట్టి లాగితే అవి ఊడివచ్చేంత సున్నితంగా ఉంటాయి. రెండు మూడు ప్రయత్నాలకు రాకపోతే ఆపేసి బయలుదేరాలి. నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్‌ను ఎవరో చెప్పారని ఇంట్లో వేయకూడదు. దారి మూసుకుని ఉంటే గర్భసంచి పగిలిపోవచ్చు. బాధ తగ్గుతుందని పారాసెటమాల్ వేయడం మరీ ప్రమాదం, అది పిల్లికి విషం.

పిల్ల పుట్టాక దాని చుట్టూ ఉన్న పొరను తల్లి చింపకపోతే మనమే చింపి, ముక్కు, నోరు తుడిచి, పొడి తువ్వాలుతో గట్టిగా రుద్దాలి. ఊపిరి రావాలని తలకిందులుగా పట్టి ఊపడం పాత అలవాటే గానీ, దానివల్ల మెదడుకు దెబ్బ తగలవచ్చు. బొడ్డుతాడును పొట్టకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో దారంతో కట్టి, ఆవలి వైపు కోయాలి, లాగకూడదు. చల్లబడిన పిల్లకు ముందు వెచ్చదనం ఇచ్చి, ఆ తరువాతే పాలు పట్టాలి, ఆవుపాలు పడవు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు అప్పటికే పుట్టిన పిల్లలను, గుడ్డ చుట్టిన వేడినీటి సీసాతో పాటు బుట్టలో పెట్టి, తల్లి వెంటే తీసుకెళ్లాలి.