షేక్‌స్పియర్ 18వ సానెట్‌ను ఎట్లా చదవాలి

"షల్ ఐ కంపేర్ దీ టు ఎ సమ్మర్స్ డే" అని మొదలయ్యే ఈ సానెట్‌లో (14 పాదాల ఇంగ్లిష్ పద్యంలో) మన విద్యార్థులు మొదట తడబడేది ఎండ దగ్గర. నువ్వు వేసవి రోజులా ఉన్నావనాలా అని కవి అడుగుతాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ చూసిన వరంగల్ వాళ్లకు అది పొగడ్తలా వినపడదు. ఇంగ్లండ్‌లో వేసవి అంటే చలీ ముసురూ పోయి పూలు పూసే కాలం. జులైలో కూడా లండన్ ఎండ సాధారణంగా 23, 24 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మన మాఘమాసపు పొద్దుటిపూటను మనసులో పెట్టుకొని చదవండి. ఇంకో చిక్కు: మూడో పాదంలో మే నెల మొగ్గలను గాలి ఊపేస్తుంది. మే నెల వేసవిలోకి ఎట్లా వచ్చింది? అప్పటి ఇంగ్లండ్ క్యాలెండర్ ఇప్పటిదానికన్నా 10 రోజులు వెనక ఉండేది. వాళ్ల మే మన జూన్ 10 దాకా సాగేది.

అర్థం కన్నా ముందు నడక పట్టుకోండి. పాదాలు 14, పాదానికి 10 అక్షరధ్వనులు. 13వ పాదంతో మొదలుపెట్టడం తేలిక, అందులో అన్నీ ఏకాక్షర పదాలే: "సో లాంగ్ యాజ్ మెన్ కెన్ బ్రీద్ ఆర్ ఐస్ కెన్ సీ". లాంగ్, మెన్, బ్రీద్, ఐస్, సీ అనే అయిదింటిని ఊని పలుకుతూ బల్లమీద తట్టండి. చూడటానికి మన లఘువు, గురువు కలిసిన వ గణం ఐదుసార్లు వచ్చినట్టుంటుంది. కానీ మనది మాత్రల లెక్క, వాళ్లది ఊనిక లెక్క. గురులఘువులు గుర్తించబోతే లెక్క తప్పుతుంది. ప్రాస కూడా పాదం చివరే. 1, 3 పాదాల చివరి డే, మే కలుస్తాయి. 2, 4 పాదాల చివరి టెంపరేట్, డేట్ కలవాలి. అందుకే టెంపరేట్‌ను మూడు ముక్కలుగా విడదీసి, చివరి "రేట్"ను నిండుగా పలకాలి. నాలుగేసి పాదాల మూడు ముక్కలు, చివర జంట పాదాలు: ఇదీ కట్టడం.

ఇక అలంకారం. పోలిక అన్నారు కదా అని చాలామంది ఉపమ అని రాసేస్తారు. రెండో పాదంలోనే కవి "నువ్వు ఇంకా అందంగా, ఇంకా సౌమ్యంగా ఉన్నావు" అంటాడు. ఉపమానం కన్నా ఉపమేయం మిన్న అని చెబితే అది వ్యతిరేకాలంకారం. ఈ ఒక్క మాట పట్టుకుంటే 3 నుంచి 8 వరకు పాదాలు ఎందుకున్నాయో తెలిసిపోతుంది. 3 నుంచి 6 వరకు వేసవిలోని లోపాల జాబితా: గాలి మోటు, గడువు తక్కువ, సూర్యుడు ఒకసారి మరీ వేడి, ఒకసారి మబ్బు చాటు. 7, 8 పాదాలు ఏ అందమైనా ఒకనాటికి తగ్గేదే అంటాయి. నాలుగో పాదంలోని లీజ్‌ను కౌలుగా చదవండి. వేసవికి ఈ నేల సొంతం కాదు. కౌలు గడువు తీరగానే వదిలి పోవాల్సిందే. ఇది కవి కావాలనే తెచ్చిన ఆస్తి భాష. పదో పాదంలో నీ అందం నీ సొంతం, దాన్ని పోగొట్టుకోవు అనేటప్పుడు కౌలుకూ సొంతానికీ ఉన్న తేడా అక్కడ పని చేస్తుంది.

తొమ్మిదో పాదం "బట్"తో మలుపు. అక్కడ పెన్సిల్‌తో అడ్డగీత గీయండి. పై ఎనిమిదీ పోయేవాటి గురించి, కింది ఆరూ పోనిదాని గురించి. అందం ఎందుకు పోదు? జవాబు 12వ పాదంలోని "ఎటర్నల్ లైన్స్", అంటే శాశ్వతమైన లైన్స్. లైన్స్ అంటే పద్యపాదాలు, వంశపు వరస కూడా. 1 నుంచి 17 వరకు సానెట్లు పెళ్లి చేసుకో, బిడ్డను కను, నీ అందం నిలుస్తుంది అని పోరుతాయి. 17వది బిడ్డలోనూ నా పద్యంలోనూ బతుకుతావంటుంది. 18కి వచ్చేసరికి బిడ్డ ప్రస్తావన లేదు, పద్యమొక్కటే మిగిలింది. చివరి పాదంలో రెండుసార్లు వచ్చే "దిస్" ఆ పద్యమే. దాన్ని ప్రేమ అని రాస్తే జవాబు మొత్తం దారి తప్పుతుంది.

రససిద్ధులైన కవుల కీర్తి శరీరానికి ముసలితనం, చావు అనే భయం లేదని భర్తృహరి. తెలుగు క్లాసులో చదివిన ఆ మాటతో పోల్చి చూడటం మంచిదే, అయితే తేడా రాయాలి: అక్కడ బతికేది కవి, ఇక్కడ కవి పొగిడిన మనిషి.

గైడ్లలో తరచూ కనపడే తప్పులు రెండు. ఒకటి, ప్రియురాలు అని రాయడం. ఈ పద్యంలో ఆడో మగో చెప్పలేదు. 1609లో అచ్చయిన 154 సానెట్లలో మొదటి 126 ఒక యువకుణ్ని ఉద్దేశించినవని పండితుల్లో ఎక్కువమంది మాట. "ప్రియమైన వ్యక్తి" అంటే సరిపోతుంది. రెండోది, కవి రూపాన్ని వర్ణించాడని రాయడం. వెతికి చూడండి: ఆ మనిషి కళ్లు లేవు, జుట్టు లేదు, ఒంటి రంగు లేదు. కన్నూ బంగారు ఛాయా ఉన్నది సూర్యుడికి.

దీని తర్వాత 55 చదవండి, పాలరాయి కట్టడాల కన్నా పద్యమే ఎక్కువకాలం నిలుస్తుందనే వాదం అక్కడ ఇంకా గట్టిగా ఉంటుంది. ఆ పైన 130: పోలికలన్నిటినీ ఒక్కొక్కటిగా కాదంటూనే ప్రేమను చెప్పే సానెట్. ఈ రెండింటి పక్కన పెడితే 18లోని మలుపు మరింత స్పష్టంగా కనపడుతుంది.