పక్షవాతం వచ్చిన చేతికి ఇంట్లో మళ్లీ పని నేర్పించడం ఎలా?

మా నాన్నకు కుడివైపు పక్షవాతం వచ్చి, ఆసుపత్రి నుంచి అనంతపురంలోని ఇంటికి తిరిగి వచ్చాక దాదాపు రెండు నెలల పాటు అమ్మే ఆయనకు అన్నం కలిపి నోట్లో పెట్టింది. ఎడమ చేత్తో తినడానికి ఆయనకు మనసొప్పలేదు, కుడి చెయ్యి లేవలేదు, ఆయన అవస్థ పడుతుంటే మాకు చూడబుద్ధి కాలేదు. ఆ రెండు నెలల్లోనూ చేతికి నూనె మర్దన మాత్రం ఒక్క పూట తప్పలేదు. తర్వాత ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగారు: ఈ చేత్తో ఆయన తనంతట తాను రోజుకు ఎన్ని పనులు చేస్తున్నారు? ఒక్కటీ లేదని చెప్పడానికి మాకు నోరు రాలేదు. మేము ఆలస్యంగా నేర్చుకున్న పద్ధతినే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. డాక్టరూ ఫిజియోథెరపిస్టూ చెప్పేదానికి ఇది తోడే తప్ప బదులు కాదు.

ముందు లోపం ఎక్కడుందో తెలుసుకోవాలి

పక్షవాతంలో దెబ్బతినేది చెయ్యి కాదు, చేతిని కదిలించమని చెప్పే మెదడు భాగం. అక్కడ రక్తనాళం పూడుకుపోవడమో చిట్లడమో జరుగుతుంది. మెదడు నుంచి దిగే ఆజ్ఞల నరాలలో ఎక్కువ భాగం, మెదడు కాండం అడుగున ఒక వైపు నుంచి మరో వైపుకు దాటుతాయి కాబట్టి, ఎడమ మెదడు దెబ్బతింటే కుడి చెయ్యి పడిపోతుంది. అందువల్ల నూనె మర్దన చర్మానికి, కండలకు హాయినిస్తుంది గానీ తెగిన ఆజ్ఞను తిరిగి పంపలేదు. పావురం రక్తం రాస్తే నయమవుతుందని మా వైపు ఇప్పటికీ చెబుతుంటారు. దాని వల్ల గుణం లేకపోగా విలువైన రోజులు పోతాయి.

మరి ఏది పని చేస్తుంది? అమెరికాలో రాండాల్ నూడో బృందం 1996లో కోతుల మీద చేసిన ప్రయోగాలు దీనికి మంచి జవాబు. మెదడులో చేతికి సంబంధించిన చోట చిన్న దెబ్బ తగిలిన కోతులను ఊరికే వదిలేస్తే, దెబ్బ తగలని పక్క భాగంలో కూడా చేతికున్న చోటు తగ్గిపోయింది. చిన్న గుంటల్లోంచి ఆహారపు గుళికలు తీసే పనిని మళ్లీ మళ్లీ చేయించిన కోతుల్లో ఆ చోటు నిలబడింది. కొన్నింటిలో భుజానికి, మోచేతికి చెందిన చోటులోకి కూడా పాకింది. అంటే మిగిలిన మెదడు కొత్త పనిని తలకెత్తుకోగలదు, కాకపోతే దానికి పని ఇవ్వాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

మూతి వంకర పోవడం, ఒక చెయ్యి వాలిపోవడం, మాట తడబడటం కనిపిస్తే ముందు 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. పూడిక వల్ల వచ్చిన పక్షవాతంలో గడ్డను కరిగించే సూదిమందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. వ్యాయామం మాట ఆ తర్వాతిది. అలాగని మొదటి రోజే మనిషిని లేపి బలవంతంగా తిప్పడమూ తగదు. రెండు వేల మందికి పైగా రోగులతో జరిగిన ఒక పెద్ద పరిశోధన 2015లో, మొదటి 24 గంటల్లోనే ఎక్కువ సేపు మంచం దింపి తిప్పిన వారికి ఫలితం కాస్త తక్కువగానే ఉందని తేల్చింది. డాక్టరు సరేనన్న రోజు నుంచి మాత్రం ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే కోలుకోవడంలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది. ఆ తర్వాత తలుపు మూసుకుపోదు గానీ కోలుకునే వేగం తగ్గుతుంది.

భుజాన్ని కాపాడుకోవాలి

కండ పట్టు తప్పిన భుజం కీలు చేతి బరువుకే కిందికి జారుతుంది. మంచం మీంచి లేపేటప్పుడు ఆ చేతిని పట్టి లాగడం మనం తెలియక చేసే పెద్ద తప్పు. చంకలో చెయ్యి వేసి ఎత్తడమూ అంతే. నడుము దగ్గర పట్టుకుని లేపాలి, కూర్చున్నప్పుడు ముంజేతి కింద దిండు పెట్టాలి.

ఏది కదులుతుందో అక్కడి నుంచే మొదలుపెట్టాలి

కదలిక సాధారణంగా ముందు భుజంలో, మోచేతిలో కనిపించి, వేళ్లకు చివర చేరుతుంది. బల్ల మీద తువ్వాలు పరచి, దాని మీద అరచెయ్యి ఆనించి ముందుకు తోయమని, మళ్లీ దగ్గరకు లాక్కోమని చెప్పాలి. చెయ్యి బరువును బల్ల మోస్తుంది కాబట్టి, గాలిలో ఎత్తలేని చెయ్యి కూడా ఇక్కడ జరుగుతుంది. మీరు సాయపడినా, కదలిక ప్రయత్నం ఆయనదే అయి ఉండాలి.

కదలిక ఏ కోశానా లేకపోతే, రెండు చేతుల మధ్య ఒక అద్దాన్ని నిలువుగా పెట్టి, అందులో కనిపించే మంచి చేతి ప్రతిబింబాన్నే పడిపోయిన చేతి స్థానంలో చూస్తూ రెండింటినీ ఒకేసారి ముడిచి చాపే ప్రయత్నం చేయవచ్చు. తమిళనాడులో పుట్టిన వి.ఎస్.రామచంద్రన్ చెయ్యి తెగిన వారి నొప్పి కోసం మొదలుపెట్టిన ఈ ఉపాయాన్ని తర్వాత పక్షవాతానికీ వాడుతున్నారు.

పట్టుకోవడం కంటే వదలడం కష్టం

వేళ్లలో ముందు వచ్చేది ముడుచుకునే కదలిక. దాన్ని చూసి ఇంట్లో అందరూ సంబరపడి, చేతికి రబ్బరు బంతి ఇచ్చి రోజంతా పిసకమంటారు. మేమూ అదే చేశాం. అసలు కొరత పట్టులో కాదు, పిడికిలి తెరవడంలో ఉంటుంది. బిగుసుకునే వేళ్లకు బిగించే పనే ఇస్తే తెరిచే కదలికకు అభ్యాసమే దొరకదు.

మాకు పనికొచ్చినవి మా ఇంట్లో ఎప్పుడూ ఉండే బుడ్డలు, అంటే వేరుశనగ కాయలు. రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టి, ఒక దానిలో కాయలు పోసి, ఒక్కొక్కటిగా రెండో దానిలో వేయమన్నాం. మొదటి వారం నాన్న కాయను పట్టుకోగలిగేవారు గానీ రెండో గిన్నె మీద చెయ్యి ఆగి, బొటనవేలు విడవడానికి మూడు నాలుగు క్షణాలు పట్టేది. మణికట్టును కొద్దిగా కిందికి వంచితే వేళ్లు వాటంతట అవే కాస్త తెరుచుకుంటాయని ఫిజియోథెరపిస్టు చూపించాక పని సులువైంది. కాయలు తేలికయ్యాక గింజలకు, ఆ తర్వాత కాయ ఒలవడానికి మారాం. పని ఎప్పుడూ కొంచెం కష్టంగానే ఉండాలి. పూర్తిగా చేతకానిదైతే విసుగు పుడుతుంది, మరీ తేలికైతే మెదడు నేర్చుకునేది ఉండదు.

లెక్క పెట్టాలి

ఆసుపత్రుల్లో చికిత్సను దగ్గరుండి లెక్కించిన ఒక అమెరికా పరిశోధనలో, ఒక విడతలో చేతితో చేయించిన పనికొచ్చే కదలికలు సగటున 32 మాత్రమే అని తేలింది. జంతువుల మెదడులో మార్పు తెచ్చిన ప్రయోగాల్లో ఆ సంఖ్య రోజుకు వందల్లో ఉంటుంది. కాబట్టి వారానికి రెండుసార్లు జరిగే చికిత్స ఒక్కటే చాలదు. మేము ఉదయం ఎండ ముదరకముందు ఒకసారి, సాయంత్రం చల్లబడ్డాక ఒకసారి కూర్చోబెట్టి, వంద కాయలతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాం. నిమిషంలో ఎన్ని కాయలు మారాయో వారానికొకసారి క్యాలెండరు మీద రాస్తే, కంటికి ఆనని మార్పు అంకెల్లో కనిపిస్తుంది. భుజం నొప్పి, చెయ్యి వాపు వస్తే ఆపి డాక్టరుకు చూపించాలి. వేళ్లు మరీ బిగుసుకుపోతుంటే దానికి మందులూ సూదులూ ఉన్నాయి.

మంచి చేతిని కట్టేయవచ్చా

పడిపోయిన చెయ్యి కొంత కోలుకున్నా మనిషి దాన్ని వాడడు, మంచి చెయ్యే అన్నీ చేసేస్తుంది. ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త ఇది ఒక రకంగా నేర్చుకున్న అలవాటేనని గుర్తించి, మంచి చేతికి తొడుగు వేసి బలహీనమైన చేత్తోనే పనులు చేయించే పద్ధతిని రూపొందించారు. 222 మందితో జరిగి 2006లో వెలువడిన పరిశోధనలో, రెండు వారాల పాటు మేలుకున్న సమయంలో ఎక్కువ భాగం తొడుగు వేసి శిక్షణ ఇచ్చిన వారు మిగతా వారి కంటే బాగా మెరుగుపడ్డారు. అయితే మణికట్టును, బొటనవేలును, మరో రెండు వేళ్లనైనా కాస్త పైకి ఎత్తగలిగిన వారికే ఇది తగినది. నడకలో తూలే మనిషికి మంచి చెయ్యి కట్టేస్తే పడిపోతాడు, కాబట్టి కూర్చుని చేసే పనులప్పుడే తొడుగు వేయాలి.

చివరగా, కంచం ముందు కూర్చోబెట్టాలి

అన్ని వ్యాయామాల కంటే తిండి పెద్ద వ్యాయామం, ఎందుకంటే అది రోజుకు మూడుసార్లు తప్పకుండా వస్తుంది. మింగడంలో ఇబ్బంది లేదని డాక్టరు చెప్పిన తర్వాతే దీన్ని మొదలుపెట్టాలి. రాగి సంగటిని మనం నమలకుండా మింగుతాం కనుక ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. అంచు ఎత్తుగా ఉన్న కంచం తీసుకుని, జారకుండా కింద తడిగుడ్డ వేయాలి. మోచెయ్యి బల్లకు ఆనితే చెయ్యి నోటిదాకా చేరడం సులువు. పులుసు కలిపిన అన్నం వేళ్ల సందుల్లోంచి కారిపోతుంది, కాబట్టి మొదట ఇడ్లీ ముక్కలు, ఆ తర్వాత సంగటి, అన్నం ఆఖరుకు పెట్టాలి. సంగటి తినడంలో నాలుగు పనులున్నాయి: తుంచడం, వేళ్లతో గుండ్రంగా చేయడం, ఊరుబిండి పచ్చడిలో అద్దడం, నోటి దగ్గర వదలడం. మా నాన్నకు తుంచడం వారంలో వచ్చింది, వదలడానికి నెలన్నర పట్టింది. మొదటి రోజు ఆ పూట భోజనం ముప్పావు గంట సాగింది, సగం చొక్కా మీద పడింది, అమ్మ రెండుసార్లు చెయ్యి చాపి మళ్లీ వెనక్కు తీసుకుంది.