ఒక్క కేసుతో అమెరికా చరిత్ర, ప్రభుత్వం ఎలా బోధించాలి?

అమెరికా హైస్కూళ్లలో చరిత్ర ఒక సబ్జెక్టు, ప్రభుత్వం ఇంకో సబ్జెక్టు. పిల్లలు రెండింటినీ విడివిడిగా బట్టీపట్టి, పరీక్ష అవగానే మర్చిపోతారు. రెండూ కలిసే కేసు ఒకటి పట్టుకుని వారం రోజులు దాని మీదే ఉండటం మేలు. మీరు టీచరైనా, ఇంట్లో చదివించే తల్లిదండ్రులైనా ఇది పనికొస్తుంది. నా ఓటు అమెరికా పౌరసత్వం కోసం నడిచిన 1923 నాటి భగత్ సింగ్ థింద్ కేసుకే. ఈయన మన స్వాతంత్ర్య సమరయోధుడు భగత్ సింగ్ కాదని ముందే చెప్పేయండి, లేదంటే మన పిల్లలు అక్కడే ఆగిపోతారు.

1. కథ సగమే చెప్పండి

థింద్ పంజాబ్‌లో పుట్టిన సిక్కు. 1918లో, మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, తలపాగాతోనే అమెరికా సైన్యంలో పనిచేశారు. అదే ఏడాది వాషింగ్టన్ రాష్ట్రంలో పౌరసత్వం వచ్చింది, నాలుగు రోజులకే రద్దయింది. 1920లో ఆరెగాన్‌లో మళ్లీ ఇచ్చారు. ఈసారి ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. ఇక్కడ ఆపేయండి. ఫోన్లు బ్యాగుల్లో పెట్టించండి, లేకపోతే రెండు నిమిషాల్లో తీర్పు వెతికేస్తారు.

2. చట్టం చేతికివ్వండి

రాజ్యాంగం మొత్తం అక్కర్లేదు. పౌరసత్వ నియమాలు చేసే అధికారాన్ని కాంగ్రెస్‌కు, అంటే అమెరికా పార్లమెంటుకు, ఇచ్చిన వాక్యం చాలు, అది మొదటి అధికరణం 8వ సెక్షన్‌లో ఉంటుంది. పక్కనే 1790 చట్టం పెట్టండి. దాని ప్రకారం వలస వచ్చినవాళ్లలో బానిసలు కాని తెల్లవారికే పౌరసత్వం. 1870లో ఆఫ్రికా సంతతివారిని చేర్చారు. మరి తెల్లవారంటే ఎవరు? చట్టంలో ఎక్కడా లేదు. ఆ సంగతి మీరు చెప్పకండి, పిల్లలే పట్టుకోవాలి.

3. క్లాసునే కోర్టు చేయండి

తొమ్మిది మందిని న్యాయమూర్తులుగా కూర్చోబెట్టండి, మిగిలినవాళ్లను రెండు పక్షాల లాయర్లు చేయండి. ముందు 1922 నవంబరులో వచ్చిన ఒజావా తీర్పు ఇవ్వండి. జపాన్‌లో పుట్టిన ఒజావాకు పౌరసత్వం నిరాకరిస్తూ సుప్రీంకోర్టు ఏమందంటే: కొలత చర్మం రంగు కాదు, తెల్లవారంటే కకేసియన్ జాతివారు. అప్పటి మానవశాస్త్రజ్ఞులు చాలామంది ఉత్తర భారతీయులను ఆ జాతిలోనే లెక్కేసేవారు. కాబట్టి థింద్ గెలిచినట్టేనని పిల్లలు తీర్పు రాసేస్తారు.

అప్పుడు 1923 ఫిబ్రవరి తీర్పు చదివించండి. రెండూ రాసింది ఒకే న్యాయమూర్తి, జార్జ్ సదర్లాండ్. మూడు నెలలు తిరిగేసరికి, శాస్త్రం చెప్పేది కాదు, మామూలు మనిషి అనుకునేదే కొలత అన్నారు. ఏకగ్రీవంగా థింద్ ఓడిపోయారు. పిల్లలకు ఒళ్లు మండుతుంది. ‘ఆ కాలం అలాంటిది’ అని చల్లార్చేయకండి.

థింద్‌ను హీరోనూ చేయకండి. తాను అగ్రకులస్థుణ్ననీ, ఆర్య సంతతివాణ్ననీ ఆయన తరఫున వాదించారు. ఆ చట్టం అన్యాయమని కాదు, తనకూ అందులో చోటుందని అడిగారు. భారతీయ కుటుంబాల పిల్లలు ఈ ముక్క వినితీరాలి, కులం మాట క్లాసులో వచ్చినా సరే. నన్నడిగితే వారం మొత్తంలో అసలైన చర్చ ఇక్కడే మొదలవుతుంది.

4. ఎవరి పని ఎవరు చేశారు?

బోర్డు మీద మూడు గళ్లు గీయండి: కాంగ్రెస్, అధ్యక్షుడి యంత్రాంగం, కోర్టు. చట్టం చేసింది ఎవరు? అప్పీలుకు వెళ్లింది, తీర్పు తర్వాత మిగతా భారతీయుల పౌరసత్వాలు రద్దు చేయించడానికి పూనుకుంది ఎవరు? తర్వాత సరిదిద్దింది? కోర్టు కాదు, కాంగ్రెసే. 1935లో యుద్ధంలో పనిచేసినవారికోసం చట్టం చేసింది, దాంతో 1936లో థింద్‌కు పౌరసత్వం దక్కింది. 1946లో భారతీయులందరికీ ఆ దారి తెరిచింది, వలసకు మాత్రం ఏడాదికి సుమారు 100 మందే. జాతీయతను బట్టి కోటాలు పెట్టే పద్ధతి 1965 చట్టంతో పోయింది. తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు అమెరికాకు పెద్ద సంఖ్యలో రావడం ఆ తర్వాతి మాటే.

ఇంట్లో చెబుతుంటే తాతయ్యనో పెదనాన్ననో ఏ ఏడాది, ఏ వీసా మీద వచ్చారో అడిగించండి. క్లాసులో మాత్రం ఎవరినీ వీసా సంగతి అడగొద్దు. కొందరి ఇళ్లలో అది టెన్షన్ పెట్టే విషయం.

5. మార్కులు

తేదీలు అడగకండి. ‘ఆ రోజు మీరు న్యాయమూర్తి అయితే?’ అని ఒక పేజీ రాయించండి. చట్టంలోని మాటలు చూపించి వాదించినవాళ్లకే మార్కులు, కోపానికి లేవు. ‘మరి నేను ఇక్కడే పుట్టానుగా, నాది కూడా తీసేస్తారా?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు అమెరికాలో పుట్టినవారికి పౌరసత్వమిచ్చిన 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణ, అది చైనా వలసదారుల బిడ్డకూ వర్తిస్తుందన్న 1898 నాటి వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పు తీయండి, వచ్చే వారానికి పాఠం అదే.